చిన్న ప్రాణులకు పక్క

పసిబిడ్డకు పక్క వేయుట మనలో ఏ స్త్రీకిని ఒకరు కూర్చుండబెట్టి నేర్పవలసిన విద్య కాదు. పదిసార్లు ఉతికి మెత్తబడిన నూలుచీర మడత, దానిపై మఱొక మడత, ముడుత లేకుండ చేతితో సరిచేయుట, అంచు పోగులు బిడ్డ వ్రేళ్లకు చుట్టుకొనకుండ త్రుంచివేయుట, తడిసిన వెంటనే మార్చుట - ఇవి యన్నియు మన తల్లులును అత్తలును చేయుచుండగా చూచి నేర్చికొంటిమి. అట్టి నేర్పు గలవారమనుకొన్న మేమే, మా యింటికి వచ్చిన రెండు చిన్న ప్రాణులకు పక్క వేయుటలో తప్పు చేసితిమి. తప్పు మాది, దాని ఫలమును అనుభవించినది మాత్రము నోరులేని ప్రాణి.

నేటి కాలమున మన పిల్లలు కుక్కపిల్లతోను పిల్లికూనతోను తృప్తి నొందుట లేదు. కుందేళ్లు, గినీపిగ్గులు, అఱచేతిలో నిముడు హ్యామ్‌స్టరులు, ఒక్కొక్కచోట దేశాంతరపు బల్లులును తాబేళ్లును సయితము గృహప్రవేశము చేయుచున్నవి. అడుగుట పిల్లల వంతు. తెచ్చుట తండ్రుల వంతు. మూడవనాటినుండి సాకుట మాత్రము తల్లి వంతు. మేత యేమి పెట్టవలెనని అమ్మినవానిని అందఱును అడుగుదురు. క్రింద నేమి పఱవవలెనని అడుగువారు అరుదు. మేమును అడుగలేదు. సోదరీమణులు మావలె చింతింపకుండుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

రెండేండ్ల క్రిందట మా మఱది బెంగుళూరునుండి వచ్చుచు మా అమ్మాయికి రెండు గినీపిగ్గులను తెచ్చెను. ఇంగ్లీషువారు పెట్టిన పేరున పంది యున్నను, ఇది పందియు కాదు, గినీ దేశపుదియు కాదు. దక్షిణామెరికాలో ఆండీసు పర్వతప్రాంతపు జనులు వేలయేండ్ల క్రిందటనే మచ్చిక చేసిన ఎలుకజాతి ప్రాణి. తోక లేదు, కఱచుట అరుదు, మన అడుగుల చప్పుడు గుర్తెఱిగి ఈల వేసినట్లు కూయును. అమ్మాయి ఒకదానికి బుచ్చి యనియు, రెండవదానికి చిట్టి యనియు పేరులు పెట్టినది. వానితోపాటు అంగడివాడు ఒక సంచెడు పొట్టు కట్టి యిచ్చెను. సంచి విప్పగానే గది యంతయు ఘుమఘుమలాడెను. చూడగా, లేత పసుపువన్నె గల దేవదారు చిత్రికపొట్టు.

ఆ వాసనకు మేము మురిసిపోతిమి. బాల్యమున మా తండ్రిగారు మాకు రఘువంశము పాఠము చెప్పిరి. రెండవ సర్గములో సింహము దిలీపునకు ఒక దేవదారు వృక్షమును చూపి, శివుడు దానిని పుత్రునిగా గైకొనెననియు, పార్వతి బంగారు కలశములతో నీరు పోసి పెంచెననియు, అడవియేనుగు ఒరసికొని దాని బెరడు చీల్చగా ఆ తల్లి శోకించెననియు చెప్పును. అది విన్ననాటినుండి ఆ చెట్టును చూడకయే ప్రేమించినవారము. అట్టి చెట్టు పొట్టు మా యింటి ప్రాణులకు శయ్య యగుట భాగ్యమని తలంచితిమి. ఇంతకంటె లౌకికమైన కారణము మఱొకటి కలదు. పంజరము వంటయింటి ప్రక్క వసారాలో నుండెను. మూత్రపు వాసనను ఆ సుగంధము కప్పివేయుచుండుటచే మా అత్తగారికిని ఆక్షేపణ లేకపోయెను.

మూడువారములు గడచునప్పటికి బుచ్చి తుమ్మసాగెను. వానకాలపు చలి కాబోలునని తలంచి, వెచ్చగా నుండుటకై అదే పొట్టును మఱింత దట్టముగా పఱచితిమి. పిమ్మట కన్నులవెంట నీరు, ముక్కుచుట్టు తడి, మేతయందు అయిష్టము. పశువైద్యుల యొద్దకు తీసికొనిపోవునాటికి ఊపిరి తీసినప్పుడెల్ల ప్రక్కటెముకలు ఎగసిపడుచుండెను. ఆయన పంజరమును కూడ తెప్పించి, ముఖము లోనికి వంచి ఒక్కసారి ఊపిరి పీల్చి, చప్పున వెనుకకు తీసి, "అమ్మా, మీరొకసారి ఇట్లే వంగి చూడండి" అనిరి. వంగితిమి. నిలుచుండగా సుగంధముగా తోచినదే అక్కడ గొంతు పట్టుకొనెను. దాని క్రింద అణగియున్న మూత్రపు ఘాటు కన్నుల నీరు తెప్పించెను. నిలువెత్తున మాకు తెలియనిది, నేలకు అంగుళము ఎత్తున ముక్కుగల ప్రాణికి రాత్రింబవళ్లు తెలియుచుండెను.

బుచ్చి మూడవనాడు పోయెను. వైద్యులు న్యాయముగానే చెప్పిరి: ప్రాణము తీసినది ఊపిరితిత్తులలో చేరిన సూక్ష్మజీవి, పొట్టు ఒక్కటియే చంపెననుట సరికాదు, అయితే ఘాటువాసనలకు ఒరసిపోయిన శ్వాసనాళములో అట్టి సూక్ష్మజీవికి దారి సులభమగును. ఆ రాత్రి అమ్మాయి చాలసేపు మౌనముగా నుండి, "అమ్మా, ఆ వాసన మనకు బాగుందని వేశాము. దానికి బాగుందో లేదో ఎట్లా తెలుస్తుంది?" అని అడిగెను. మేము జవాబు చెప్పలేకపోతిమి. తరువాత మావారు తెచ్చి యిచ్చిన పుస్తకములను చదివియు, వైద్యుల నడిగియు, చిట్టిని కాపాడుకొనుచును తెలిసికొన్నదే ఇచట చెప్పుచున్నాము.

మొదట ఆ సుగంధము సంగతి. 1967వ సంవత్సరమున ఇలియట్ వెసెల్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఒక చిత్రమైన విషయమును ప్రకటించెను. ప్రయోగశాలలలో నిద్రమందిచ్చిన ఎలుకలలో కొన్ని మామూలుకంటె త్వరగా మేల్కొనుచుండెను. కారణము వెదుకగా అది వాని క్రింద పఱచిన పొట్టులో దొరకెను. ఎఱ్ఱ సీడరు, పైను మొదలగు మెత్తని చెక్కల పొట్టుపై నున్న ఎలుకల కాలేయములో, మందులను విఱుగగొట్టు ఎంజైములు హెచ్చియుండెను. బీచి, మేపుల్ వంటి గట్టి చెక్కల పొట్టుపైకి మార్చగా ఆ హెచ్చు తగ్గిపోయెను. అనగా పడుకొన్న పక్కనుండి లోనికి పోవుచున్న తైలములను వెలికిపుచ్చుటకు ఆ చిన్న కాలేయములు ఎడతెగక పని చేయుచుండెనన్నమాట. పాశ్చాత్యులు ఉన్నిబట్టలకు చిమ్మట పట్టకుండ సీడరు పెట్టెలలో దాతురు. మన హిమాలయపు దేవదారు తైలమును సయితము పురుగులను తఱుముటకు వాడుదురు. పురుగును తఱుము వాసన, పురుగుకంటె కొంచెము పెద్దదైన ప్రాణికి మేలు చేయునని మేమెట్లు తలంచితిమో ఇప్పుడు ఆలోచించిన సిగ్గగుచున్నది.

కావున ఏ పొట్టునైనను, ఏ గడ్డినైనను పఱచుటకు ముందు నాలుగు పరీక్షలు పెట్టవలెను: ముక్కు, నోరు, కాలు, తడి.

ముక్కు అనగా దుమ్మును వాసనయును. గుప్పెడు పొట్టును నల్లని గుడ్డపై వేసి విదిలింపుడు. గుడ్డ తెల్లబడినచో అది ప్రాణి ఊపిరిలోనికి పోవుననుట. మఱొక గుప్పెడు మూతగల డబ్బాలో నొక రాత్రి యుంచి ఉదయమున మూత తీసి వాసన చూడుడు. ఘాటుగాని, ముక్కిపోయిన వాసనగాని వచ్చినచో పనికిరాదు. నోరు అనగా, ఈ ప్రాణులు తాము పడుకొన్నదానిని కొఱుకును, కొంత మ్రింగును. కావున కడుపులోనికి పోయినను కీడు చేయనిది కావలెను. కాలు అనగా గ్రుచ్చుకొనుట, చుట్టుకొనుట. తడి యనగా మూత్రమును పీల్చి పైభాగమును పొడిగా నుంచు గుణము. మూత్రము నిలిచిన పక్కనుండి అమ్మోనియా వాయువు పుట్టును; ఎంత మంచి పఱుపైనను మార్చకున్నచో అదియే విషమగును.

ఈ నాలుగు పరీక్షలకు మన యిండ్లలో దొరకు వస్తువులు ఏ మాత్రము నిలుచునో చూతము.

వడ్రంగి కొట్టులో ఊరకే వచ్చు పొట్టు మొదటి పరీక్షలోనే ఓడిపోవును. అందులో ఏ చెక్క ఎంతయున్నదో వడ్రంగికిని తెలియదు. టేకు దుమ్ము మనుష్యులకే ఒడలు దురద పుట్టించును, ఊపిరికి అడ్డుపడును. ప్లైవుడ్ పొట్టులో జిగురు రసాయనములు, పాత తలుపుల పొట్టులో రంగులు కలసియుండును. కొనవలసినచో, ఏ చెక్కయో స్పష్టముగా వ్రాసి, దుమ్ము జల్లించి, కాల్చిన వేడిగాలిలో ఆరబెట్టిన గట్టిచెక్క పొట్టును కొనవలెను.

ఊకను కోళ్లఫారములలో పఱచుదురు గదా యని కొందఱందురు. నిజమే, కాని అవి విశాలమైన, గాలియాడు పాకలు, పైగా అచట ఊకను తఱచుగా తిరుగవేయుదురు. మూసిన పంజరములో ఊక దుమ్ము రేపును, దాని మొనలు కండ్లలో గ్రుచ్చుకొనును, తడిని అంతగా పీల్చదు. వరిగడ్డి కొంత మేలే. అయినను దాని కఱకు కాడలు చిన్న ప్రాణుల కండ్లకు ప్రమాదము. వాననీటికి తడిసి నల్లబడిన గడ్డి యెంతమాత్రమును కూడదు. బూజుపొడి ఊపిరితిత్తులకు శత్రువు.

మా సీమలో వేరుశనగ పొట్టు కుప్పలుగా దొరకును. బుచ్చి పోయిన పిమ్మట పొరుగింటి పిన్నిగారు దయతో నొక గోనెడు పంపిరి. అప్పటికి చదివియుంటిమి గనుక దానిని వాడలేదు. వేరుశనగకు తేమ తగిలిన పట్టు ఒక విధమగు బూజునుండి అఫ్లటాక్సిను అను విషము పుట్టును. 1960లో ఇంగ్లాండులో లక్షకు తక్కువకాని టర్కీకోళ్లు కారణము తెలియక చచ్చినప్పుడు, వాని మేతలోని వేరుశనగ పిండిని పరీక్షించి ఈ విషమును కనుగొనిరి. పొట్టు అంతయు విషమని మేమనము. కాని మూత్రముతో నిత్యము తడియు పంజరములో, కొఱుకు స్వభావము గల ప్రాణి క్రింద దానిని పఱచుటకు మాకు ధైర్యము చాలలేదు. మొక్కజొన్న కండె ముక్కలకును ఇదియే దోషము. పైకి పొడిగా కనిపించి అడుగున బూజు పట్టును. మ్రింగినచో ప్రేగులలో అడ్డుపడవచ్చును. కొబ్బరిపీచు పోగులు వ్రేళ్లకు చుట్టుకొనును.

హ్యామ్‌స్టరులకు మెత్తగా నుండునని దూదిని, దూదివంటి నారను అంగళ్లలో అమ్ముదురు. అది చూచుటకే అందము. ఆ ప్రాణి చెంపసంచులలో దానిని కుక్కుకొనును. మ్రింగినచో ప్రేగులు మూసికొనును. సన్నని నార కాలికి బిగిసినచో రక్తము ఆడక ఆ కాలే పోవచ్చును. దానికి బదులు ముద్రణలేని తెల్లకాగితమును సన్నగా చింపి యిచ్చిన, అదియే తన గూటిని చక్కగా కట్టుకొనును. త్రవ్వుట దాని జీవితము గనుక జానెడు లోతుకు తక్కువ గాకుండ కాగితపు పఱుపు వేయవలెను.

ఇన్ని కాదనిన పిమ్మట చిట్టికి మేము వేసినదేమనగా: అడుగున దట్టముగా పాత వార్తాపత్రికలు, వానిపై తడి పీల్చు మందమైన నూలుగుడ్డ, ఆ పైన ఫ్లీసు అను మెత్తని దుప్పటిగుడ్డ, ఒక మూల దాగుకొనుటకు పొడిగడ్డి. నూలుబొంత ఒక్కటియే వేసితిమేని తడిని పీల్చి అట్లే పట్టియుంచును. ప్రాణి కడుపు చెమ్మలో నానును. ఫ్లీసు తడిని తనలో నిలుపుకొనక క్రిందికి జార్చును. అయితే క్రొత్త ఫ్లీసు మొదట నీటిని లోనికి పోనీయదు. నాలుగైదుసార్లు ఉతికిన పిమ్మటనే పనికివచ్చును. గుడ్డలను మెత్తబఱచుటకై అమ్ము సువాసన ద్రవములు దానికి వాడరాదు. వాడినచో మఱల తడి జారదు. అంచులు తప్పక మడచి కుట్టవలెను. ప్రతిదినమును రెంటికలను ఊడ్చి, మూడు నాలుగు దినముల కొకసారి గుడ్డలన్నియు మార్చుచున్నాము. తీగెల నేలగల పంజరమైనచో పైన తప్పక పఱుపు వేయవలెను. కుందేటి పాదమునకు కుక్కవలె మెత్తలుండవు. తీగెలపైనను తడిపైనను నిలిచి నిలిచి అరికాళ్లు పుండ్లు పడును.

ఇచట గృహిణులకు రెండు హెచ్చరికలు. పంజరమును ఫినాయిలుతో కడుగకుడు. ఆ ఘాటు దేవదారు ఘాటునకు తోబుట్టువు. వేడినీరును సబ్బును చాలును. మూత్రపు తెల్లని పొర యెండి అంటుకొన్నచోట కొంచెము వెనిగరు పోసి నానబెట్టిన కరగును. రెండవది, పాతగుడ్డలను పెట్టెలోనుండి తీసి తిన్నగా పఱవకుడు. మనము బట్టలలో కలరా ఉండలని వేయు నాఫ్తలీను గుడ్డలలో ఇంకియుండును. ఇది పెంపుడుప్రాణుల మాటయే కాదు. జీ-సిక్స్-పీడీ అను ఎంజైము పుట్టుకతో లోపించిన శిశువులకు, ఆ యుండలతో దాచిన బట్టలు తొడిగినందున రక్తకణములు విఱిగి, కామెర్లు ముదిరిన సందర్భములు వైద్యగ్రంథములలో నున్నవి. ప్రాణుల పక్కకై చదువబోయి, మా చెల్లెలి పురిటికి దాచిన పొత్తిగుడ్డలను మేము ఆనాడే తీసి ఉతికి రెండు దినములు ఎండలో వేసితిమి.

ప్రాకెడు ప్రాణుల సంగతి కొంత వేఱు. వానికి వెచ్చదనము తమ ఒంటిలో పుట్టదు, బయటినుండియే రావలెను. నాలుకతో లోకమును పరీక్షించును. మేతతోపాటు నేలను మ్రింగును. మా ఆడపడుచు కుమారుడు అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున నున్నాడు. అతడు లెపర్డ్ గెక్కో అను చుక్కలబల్లిని పెంచుచున్నాడు. ఎడారిప్రాణి యనుకొని, సున్నపుసత్తువ గల ఇసుక యని అంగడిలో అమ్మినదానిని గాజుపెట్టెలో పఱచెను. బల్లి ఆ యిసుకను నాకెను. పురుగులను పట్టుచు మ్రింగెను. ప్రేగులలో ఇసుక గట్టిపడి వారము దినములు మలము లేక తోక సన్నగిల్లెను. వైద్యము సకాలమున దొరకుటచే బ్రదికెను. నిజమునకు ఆ బల్లి స్వస్థానము ఆఫ్గనిస్తాను, పాకిస్తాను, మన వాయవ్యభాగములలోని ఱాతినేల, ఇసుకతిన్నెలు కావు. పేరు విని ప్రదేశమును ఊహించుటయే అతడు చేసిన తప్పు. రఘువంశము తలచుకొని పొట్టు పఱచిన మాకు అతనిని మందలించు అధికారము లేకపోయెను.

ఇప్పుడతడు సాదా కాగితపు తువాళ్లను పఱచుచున్నాడు. అందముగా నుండదు, కాని మలము ఎట్లున్నదో ప్రతిదినము కనబడును. క్రొత్తగా తెచ్చిన దానికిని, జబ్బుపడిన దానికిని ఇంతకంటె మంచి పక్క లేదు. నున్నని పలకఱాయియు మేలే. వేడిని నిలుపును, గోళ్లను అఱుగదీయును. కుబుసము విడుచు కాలమున ఒక చిన్న మూతడబ్బాలో తడికాగితమో నాచో ఉంచవలెను. ఆ చెమ్మ లేనిచో పాతచర్మము వ్రేళ్లకు బిగిసి వ్రేళ్లే ఊడిపోవును. తేమగల అడవులలో పుట్టిన ప్రాకుడుప్రాణులకు కొబ్బరిపొట్టును తడిపి వేయుదురు. పొడినేల ప్రాణులకు అది కీడు. కావున ఏ ప్రాణి ఏ నేలలో పుట్టినదో ముందు తెలిసికొని, పిమ్మట పక్క మాట ఆలోచింపవలెను. సీడరు పొట్టు మాత్రము వీనిలో ఏ జాతికిని కూడదు.

తల్లులు మఱవరాని మాట యొకటి. తాబేళ్లు, బల్లులు, పాములు చూచుటకు ఆరోగ్యముగా నున్నను సాల్మొనెల్లా అను సూక్ష్మజీవిని మోయుచుండవచ్చును. పసివారు తాబేళ్లను నోట పెట్టుకొని జబ్బు పడుచుండుటచే 1975లో అమెరికా ప్రభుత్వము నాలుగంగుళములకు తక్కువ చిప్పగల తాబేళ్ల అమ్మకమును నిషేధించెను. వాని పఱుపులను వంటయింటి తొట్టిలో ఉతుకరాదు. అయిదేండ్లలోపు పిల్లలను తాకనీయరాదు. తాకినవారు సబ్బుతో చేతులు కడుగవలెను.

మన దేశపు చట్టమును కూడ తెలిసియుండుట మంచిది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి మన నక్షత్రతాబేలును, రామచిలుకను ఇంట పెంచరాదు. దేశాంతరపు జాతులలో పట్టికకెక్కినవానిని పెంచువారు 2022 నాటి సవరణ, 2024 నాటి నియమముల ప్రకారము ప్రభుత్వమునకు తెలిపి నమోదు చేయించుకొనవలెను.

కడచిన శ్రావణమాసమున మావారి శిష్యుడొకడు, పదేండ్లవాడు, అట్టపెట్టె నొకదానిని రెండు చేతులతో గుండెకు హత్తుకొని మా యింటికి వచ్చెను. లోపల నక్షత్రతాబేలు. తోటగట్టున దొరకినదట. వాని నాయనమ్మ బొంతలోనుండి చింపిన ముక్కను నాలుగు మడతలు పెట్టి దాని క్రింద వేసియుండెను. "మీ ఇంట్లో బాగా చూస్తారని తెచ్చానండి" అనెను. నల్లని చిప్పపై పసుపుపచ్చని గీతలు నక్షత్రములవలె విచ్చుకొనియున్నవి. మా అమ్మాయి కన్నులు చూచి, ఉంచుకొందుమన్న మాట మా నోటివఱకు వచ్చెను.

తాబేలు నడువబోయెను. గోళ్లు బొంత పోగులలో చిక్కుకొనెను. లాగుకొనెను, మఱింత చిక్కుకొనెను. అమ్మాయియే ముందుగా కత్తెర తెచ్చి, ఒక్కొక్క పోగును కత్తిరించి విడిపించెను. మావారు ఆ పిల్లవాని భుజముపై చేయి వేసి, ఈ జాతిని దొంగరవాణా చేయువారు ఎందఱో యున్నారనియు, 2019లో దానిని అంతర్జాతీయ వ్యాపారము నిషేధించు మొదటి పట్టికలో చేర్చిరనియు చెప్పి, అటవీశాఖవారికి టెలిఫోను చేసిరి. వారు ఉదయమున వత్తుమనిరి. ఆ యొక్క రాత్రికి పక్క వేయవలసివచ్చెను. పిల్లవాడు పరుగెత్తిపోయి దొరకిన తోటగట్టునుండియే పొడిమన్నును, ఎండుగడ్డిని తెచ్చెను. దానిపై నుంచగానే తాబేలు ముందుకాళ్లతో రెండుసార్లు గీచి, గడ్డిలోనికి తల దూర్చి, కదలక పడియుండెను. మాకు తెలిసిన నూలుమెత్తన దానికి బంధనమైనది. మన యింటిలోనికి రానీయని మన్నే దానికి పఱుపైనది. ఉదయమున అటవీశాఖవారు వచ్చి తీసికొనిపోయిరి. పిల్లవాడు ఖాళీపెట్టెలోని బొంతముక్కను దులిపి, మడచి, జేబులో పెట్టుకొని బడికి పోయెను.

చిట్టి ఇప్పుడు సుఖముగా నున్నది. ఒంటరితనము ఆ జాతికి పడదని తెలిసి ఒక తోడును తెచ్చితిమి. జబ్బు లేదని తెలియువఱకు దానిని రెండు వారములు వేఱుగా తెల్లకాగితముపై నుంచితిమి. వేసవిలో వానిని ఇంటిలో నెల్ల చల్లనైన గదిలో నుంచి, పఱుపుపై నొక నున్నని పలకఱాయి పెట్టుదుము. ఎండ ముదిరినవేళ రెండును దానిపై సాగిలబడును. వసారాలో దేవదారు ఘుమఘుమ లేదు. మా అత్తగారు తొలుత ముక్కు చిట్లించిరి గాని, ప్రతిదినము శుభ్రము చేయుచుండుటచే ఇప్పుడు వారికిని ఆక్షేపణ లేదు. దుర్వాసనను కప్పుటకును, దానిని కడుగుటకును గల భేదము మాకు ఆలస్యముగా తెలిసినది.

రాత్రి దీపము తీయుటకు ముందు అమ్మాయి పంజరము తలుపు తీసి, ముఖము లోనికి వంచి, ఒకసారి ఊపిరి పీల్చి చూచును. ఏ శాస్త్రము చదివినను, ఎంత వెల పెట్టి పఱుపు కొన్నను, సోదరీమణులారా, కడపట ఈ పరీక్ష యొక్కటి మానకుడు. మన నిలువెత్తునుండి కాదు. దాని ముక్కు ఉన్నంత క్రిందికి వంగి చూడుడు.